ఇత్తడి డొల్ల

తూటా పేలినపుడు గుండు పోవును, మందు కాలిపోవును, క్యాపు చితికిపోవును. మిగులునది ఇత్తడి డొల్ల యొక్కటే. ఆ డొల్లను పారవేయక, శుభ్రపరచి, ఆకారము సరిదిద్ది, మరల క్యాపును, మందును, గుండును అమర్చుకొనుట ఒక చేతిపని. సైన్యములు విడిచిపెట్టిన పాత రైఫిళ్ళతో వేటాడువారు కొన్ని దేశములలో నేటికిని ఈ పని చేయుచున్నారు. మన మన్యపు టంచులలో ఈ విద్య యొకప్పుడు మరియొక రూపమున నుండెడిది. రెంటిని కన్నులార చూచిన వాడను గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది జయపురము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా ప్రత్యేక రాష్ట్ర మగువరకు మా ప్రాంతము మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చేరియుండెను. మా మేనమామగారికి లైసెన్సు గల పన్నెండు బోరు తుపాకి యుండెడిది. మా కొండలలో వానకాలము పట్టినచో అట్ట తూటాలు తేమకు ఉబ్బి తుపాకిలో దూరవు. అందుచేత ఆయన ఇత్తడి డొల్లలనే వాడెడివారు. ఆదివారము మధ్యాహ్నము అరుగుమీద చాప పరచుకొని, పొయ్యిలోని నిప్పు పూర్తిగా ఆర్పించిన పిమ్మట గాని పనికి కూర్చుండెడివారు కారు. మందు కొక చిన్న కొలతగిన్నె, దానిపై అట్టబిళ్ళలు, ఆపైన సీసపు గుళ్ళు, చివరకు మూతికి మైనపు పూత. ఏ తేదీన ఎన్ని నింపినది, ఏది ఎట్లు పేలినది ఒక పుస్తకములో తెలుగున వ్రాసికొనెడివారు. “వ్రాయనిది నింపరాదురా అబ్బాయీ” అని మాతో అనుచుండెడివారు.

రైఫిలు మాత్రము ఆయనకు లేదు. పోలీసుల చేతిలోని త్రీ నాట్ త్రీ తుపాకిని చూచి మేము ముచ్చటపడెడివారము. సైన్యము వాడు కొలత గల రైఫిలు సామాన్యునకు దొరకకుండుట ఆంగ్లప్రభుత్వపు పాత జాగ్రత్త. 1907 ప్రాంతమున .450 కొలత వేటతుపాకులను సైతము హిందూదేశములోను, సూడానులోను నిషేధించిరి. వాని గుండ్లను ఊడదీసి, పాత మార్టినీ హెన్రీ సైనిక తుపాకుల డొల్లలలో నింపుకొందురేమో యని పాలకుల భయము! డొల్లను మరల నింపు విద్య ఒక సామ్రాజ్యమును ఇంతగా కలవరపెట్టినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి తుపాకులను, తూటాలను తీసికొనిపోయిన సంగతి తలచినచో ఆ భయము ఎట్టిదో తెలియును. బంగాళములోని ఇచ్ఛాపురము రైఫిలు కర్మాగారము పౌరులకై .315 కొలత రైఫిలును చేయుటకు కారణము కూడ ఈ నియమమే. చిత్రమేమన, దాని తూటా సైతము ఒకప్పటి ఆస్ట్రియా సైన్యపు తూటా సంతతిలోనిదే.

2017లో కెనడాలోని మా అమ్మాయి ఇంట కొన్ని నెలలుంటిని. ప్రక్కయింటి వృద్ధుడు రైతుబిడ్డ. ఆయన తండ్రి, యుద్ధానంతరము మిగులు సరుకుగా చౌకగా అమ్మిన లీ ఎన్‌ఫీల్డు రైఫిలు నొకదానిని కొని, దానితో దుప్పిని కొట్టి చలికాలమునకు మాంసము కూర్చుకొనెడివాడట. అది టొరాంటో ప్రక్కన లాంగ్ బ్రాంచి కర్మాగారములో 1943లో తయారైనది. మా ఊరి పోలీసుల తుపాకికి దగ్గరి చుట్టమే! నా ముచ్చట విని ఆయన తన పనికొట్టము చూపించెను.

అచ్చట నేను కూర్చున్న దినములలో తెలిసికొన్నది చాల కలదు. పాత సైనిక తూటాలలో కార్డైటు అను మందు సేమ్యా పోగులవలె కట్టలుగా నుండును. కర్మాగారములో దానిని ముందుగా పెట్టి, పిదప డొల్ల మెడను నొక్కి సన్నము చేసెడివారు. ఇంటివద్ద ఆ పద్ధతి కుదరదు, గనుక పలుకుల మందునే వాడుదురు. క్యాపులు రెండు విధములు. బాక్సరు అను ఆంగ్లేయుని పద్ధతిలో డొల్ల అడుగున ఒకే రంధ్రముండును. సూది గ్రుచ్చిన పాత క్యాపు ఊడివచ్చును. బెర్డాను అను అమెరికావాని పద్ధతిలో రెండు చిన్న రంధ్రములు, నడుమ దిమ్మె, సూదికి లొంగదు. ఆంగ్లేయుని క్యాపును అమెరికా, అమెరికావాని క్యాపును ఆంగ్లసైన్యము స్వీకరించుట చరిత్రలోని చమత్కారము. పాత క్యాపులు పేలినపుడు ఒకవిధమైన ఉప్పు గొట్టములో మిగిలి, తేమను పీల్చి త్రుప్పు పట్టించును. దానికి నూనె పనిచేయదు, వేడినీళ్ళే మందు.

మందును తూచు త్రాసు మన కంసాలి త్రాసును తలపించును. గ్రెయిను అనగా గురివిందగింజ యెత్తులో ఇంచుమించు సగము. పౌనునకు 7000 గ్రెయినులు. ఒక తూటాలో రెండుమారులు మందు పడినచో తుపాకియే పగులవచ్చును. కాబట్టి ఆయన నింపిన డొల్లల వరుసను దీపము క్రింద పెట్టి ఒక్కొక్కదానిలోనికి తొంగిచూచి, పిదపనే గుండు బిగించెడివాడు. ఆయన కొక నోటుపుస్తకము కలదు. అది చూడగనే మా మామగారు జ్ఞప్తికి వచ్చిరి.

గుండు విషయము మరింత ఆలోచింపదగినది. 1910 నాటి సైనికపు గుండు 174 గ్రెయినుల బరువుతో, సెకనునకు 2440 అడుగుల వేగముతో పోవును. పూర్తి లోహపు తొడుగు గలది. 1890లలో కలకత్తా చెంత డమ్ డమ్‌లో, తగిలినపుడు విచ్చుకొను గుండ్లు చేసిరి. 1899 హేగు ప్రకటన యుద్ధములో అట్టివానిని నిషేధించెను. వేటలో ధర్మము తలక్రిందులు. విచ్చుకొనని గుండు జంతువును దూసికొనిపోవును; అది గాయముతో పారిపోయి, ఎచ్చటనో దినముల తరబడి బాధపడి చచ్చును. అందుచేత కెనడాలోని పలు రాష్ట్రములు పెద్దజంతువుల వేటలో విచ్చుకొనని గుండును నిషేధించినవి. మనుష్యునిపట్ల క్రూరమని త్రోసివేసినది మృగముపట్ల దయ యైనది! మిగులు తుపాకితో వేటాడువాడు తూటాలు తానే నింపుకొనుటకు పొదుపుతోపాటు ఇదియు నొక కారణము.

ఇక డొల్ల స్వభావము. యుద్ధకాలపు రైఫిళ్ళలో తూటాగది కొంచెము వదులుగా చేసిరి. బురదలోను, ఇసుకలోను తూటా ఇరుకుకొనకుండవలెను గదా. పేలినపుడు డొల్ల ఆ గది ఆకారమునకు సాగును. దానిని ప్రతిసారియు బలవంతముగా మొదటి కొలతకు నొక్కినచో, మరల సాగి, మరల నొక్కుడుపడి, అడుగున కొంచెము పైగా మెరయుచున్న గీత యొకటి పుట్టును. కొన్నాళ్ళకు అచ్చటనే రెండుగా తెగును. తెలిసినవాడు గుండును పట్టు మెడను మాత్రమే బిగించి, తక్కిన శరీరమును ఆ తుపాకి ఇచ్చిన ఆకారముననే ఉండనిచ్చును. అట్టి డొల్ల పలుమారులు పనికివచ్చును. అయితే అది ఆ తుపాకికే చెందినది. మరియొక దానిలో పట్టకపోవచ్చును.

తరతరములుగా పరాయి రాష్ట్రముల స్థిరపడిన మన తెలుగువారికి ఈ సంగతి వివరింపవలసినది లేదు. మా జయపురపు తెలుగులో ఒడియా నుడికారము చేరినది. హోసూరు తెలుగులో కన్నడ, తమిళముల ఛాయలు కలవు. దానిని కోస్తా అచ్చులో నొక్కి సరిచేయబోయినచో విరుగునది బిడ్డల ఉత్సాహమే. ఉన్న ఆకారమును ఉండనిచ్చి, పట్టుకొనవలసిన మెడను బిగించిన చాలును. ఆ మెడ చదువును, వ్రాతయు నని నా నమ్మకము.

ఈ నమ్మకము ఊరక కలుగలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట మామగారు వేట మానిరి. ఆయన పోయిన చాలకాలమునకు మనుమడు ఆ పుస్తకము పెట్టెలో కనుగొనెను. ఇంట తెలుగు మాటాడును గాని, చదువు ఒడియాలోను ఆంగ్లములోను సాగినది, అక్షరములు రావు. ఎవరిచేతనో చదివింపగా పుటపుటకు “నల్లమందు ఇంత” అని యున్నదట! తాతగారు అభిని వ్యాపారము చేసిరేమో యని ఇల్లంతయు బెంగపడినది. “మామయ్యా, ఇది నిజమా?” అని అతడు నావద్దకు వచ్చెను. అది నల్లని తుపాకిమందే యని చెప్పితిని. ఒక్కొక్క పుట చదివి వినిపించితిని. ఫలానా వానకాలము రెండు తూటాలు పేలలేదనియు, పంట పాడుచేయు పందిని గాయపరచి వదలలేక చీకటిపడువరకు వెదకితి ననియు అందు కలదు. అతడు చాలసేపు మాటాడలేదు. మరునాడు “అక్షరములు నేర్పుదురా?” అని అడిగెను. ఇప్పుడు నెమ్మదిగా చదువుచున్నాడు.

మన పెట్టెలలో ఇట్టి పుస్తకములు ఎన్ని యున్నవో! వైద్యుని చిట్టాలు, నేతగాని లెక్కలు, అమ్మమ్మల పచ్చళ్ళ పాళ్ళు. చదువువాడు లేనిచో అవి ఉట్టి డొల్లలు. మా మామగారి పుస్తకము నేడు ఎవరి తుపాకిని నింపుటకును పనికిరాదు, పనికిరాకుండుటయే మేలు. కాని తన తాత ఎంత జాగ్రత్తపరుడో, ఎంత జాలిగలవాడో తాత వ్రాతలోనే చదువుకొను భాగ్యము ఆ బిడ్డకు దక్కినది. ఈ సంచిక చదువు ప్రతి యింటను అట్టి భాగ్యము నిలుచుగాక.