మాయింటి కంప్యూటరు కూర్పు

రోటికి తగిన పొత్రమును, కుండకు తగిన మూతను, చీరకు తగిన రవికెగుడ్డను ఎంచి తెచ్చుట మన స్త్రీలకు క్రొత్తగాదు. అమరిక తెలియనిదే ఎంత వెచ్చించినను ఇల్లు కుదురుగా నుండదని మనమెఱుగుదుము. కాని కంప్యూటరు కొనునపుడు మాత్రము ఆ యెఱుకను గడపలోపలనే విడిచి, అది మనకు రాని విద్యయని ఊరకుందుము. అట్లూరకుండి మేము పొందిన యనుభవమును సోదరీమణులకు విన్నవించెదము.

మాది వెంకటగిరికోట. ఒక దిక్కున కర్ణాటకమును, వేఱొక దిక్కున తమిళనాడును మాకు పొరుగు. మా అమ్మాయి కుప్పమున ఇంజనీరింగు చదువుచున్నది. ఇండ్ల నమూనాలు గీయు పనికి పాత ల్యాప్‌టాపు చాలక, గీత గీయుచుండగనే నిలిచిపోవుచుండెను. బల్లపై నుంచుకొను మంచి యంత్రమును భాగములు తెచ్చి కూర్చుకొందునని అమ్మాయి యడిగినది. టమోటా పంటలో మిగిలిన డెబ్బదివేల రూపాయలు దానికొక గొలుసు చేయించుటకై మేము దాచియుంటిమి. “ఆడపిల్లకు గొలుసు నిలుచును గాని యంత్రము నిలుచునా?” అని మా అత్తగారు ఆక్షేపించిరి. “అవ్వా, చదువు సాగినయెడల గొలుసు నేనే చేయించుకొందును” అని మనుమరాలు బదులు చెప్పినది. ఎవరి మాట త్రోసివేయుదుము?

ఏ భాగము పనియేమో అమ్మాయి మాకు వంటయింటి మాటలతో తెలిపినది. ప్రాసెసరు వంటచేయునది. ఎస్.ఎస్.డి. సామానుల కొట్టు. ర్యామను జ్ఞాపకభాగము కూరలు తరుగుకొను గట్టు. కొట్టెంత పెద్దదైనను గట్టు ఇఱుకైనచో ప్రతి వస్తువునకును లేచి పోయి రావలసినదే. పాత యంత్రమున నున్నది 4 గిగాబైట్ల ర్యాము మాత్రమే. ఈ పనికి 16 అయినను వలయును, 32 ఉన్న సుఖము.

ఈ జ్ఞాపకమునకు మఱపును సహజమే. ఇందలి అణుమాత్రపు విద్యుత్తు కారిపోవుచుండును గాన, చిల్లికుండలో నీరు పోసినట్లు సెకనునకు పలుమాఱులు నింపుచుండవలెను. ఐ.బి.ఎం. సంస్థలోని రాబర్టు డెన్నార్డు గారికి 1968లో పేటెంటు లభించిన పద్ధతియే నేటికిని దీనికి మూలము. కరెంటు పోయినచో గట్టుమీదిది తుడిచిపెట్టుకొని పోవును. మా యూరివంటి తావుల యు.పి.ఎస్. విలాసము గాదు.

2025 శ్రావణమాసమున మావారు పనిమీద బెంగుళూరు పోయి, చవుకగా దొరికినవని 8 గిగాబైట్ల ర్యాములు రెండు తెచ్చిరి. అవి డి.డి.ఆర్. 4 అను రకము. రెండును జతగా నుంచినచో సమాచారము రెండు దారుల నడచును గాన, ఒక్క 16 కంటె రెండు 8లు మేలు. తక్కినవి పరీక్షలైన పిమ్మట కొందమని ఆగితిమి.

మార్గశిరమున మువ్వురమును బయలుదేరితిమి. 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల మీదుగ బస్సు పోవుచుండగ, మాకు గొలుసు మాటయే మనసున మెదలినది. బెంగుళూరు ఎస్.పి. రోడ్డున ఇరువైపుల కంప్యూటరు అంగళ్లే. తెలిసినవారొకరు వ్రాసియిచ్చిన చీటి ప్రకారము ఒక అంగడివాడు బోర్డు పెట్టె విప్పి, మా ర్యామును గాడిలో నుంచబోగా అది దిగలేదు. బోర్డు డి.డి.ఆర్. 5 రకమునకు చేసినది! రెండు రకములకును 288 కాళ్లే, పొడవును ఒకటే. నడిమి గంటు మాత్రము వేఱుచోట నుండును. “ఇవి పాతవి, క్రొత్తవి కొనుడు” అని యతడనెను. ధర యడుగగా శ్రావణమునాటి ధరకు రెండింతలు మించియుండెను.

కారణము తరువాత తెలిసినది. లోకమునకు వలయు ర్యాములో అధికభాగము శామ్‌సంగు, ఎస్.కె. హైనిక్సు, మైక్రాను అను మూడు సంస్థలే చేయును. కృత్రిమ మేధకై కట్టుచున్న డేటా కేంద్రములు దానిని మూటలకు మూటలుగా కొనుటచే, ఇండ్లకు వచ్చునది తగ్గి 2025 చివర ధర యెగసినది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టున టమోటా కిలో 200 రూపాయల దరిదాపునకు పోయిన కథ మనకు తెలియనిది గాదు. ఇదియు నట్టిదే.

మేము దిగులుపడి, కొనుట మాని తిరిగి పోదమంటిమి. అమ్మాయి మాత్రము చీటిని మరల చదివి యిట్లనెను: “ఈ చీటిలోనిది ఇంటెలు 12వ తరపు ప్రాసెసరు. ఇది రెండు రకములకును ఒప్పును. ఏ రకము పట్టునో నిర్ణయించునది బోర్డు. మాకు డి.డి.ఆర్. 4 బోర్డు ఇండు, గాళ్లు నాలుగుండవలెను.” అంగడివాడు మాఱు పలుకక, పెట్టె విప్పినందులకు ఐదువందలు పట్టుకొని బోర్డు మార్చియిచ్చెను. తప్పు ర్యాముది గాదు, చీటిది గాదు. రెంటిని సరిచూడని మాది.

రంగురంగుల దీపముల పెట్టె వలదని సాదాది తీసికొంటిమి. పెట్టెతో ఉచితముగ వచ్చు పేరులేని పవర్ సప్లైని కాదని, పేరున్న 550 వాట్లది వేఱుగ కొంటిమి. కంటికి కనబడని ఆ భాగము చెడినచో తక్కినవానిని గూడ చెఱచును. 18 శాతము జి.ఎస్.టి.తో రసీదు వ్రాయించుకొంటిమి. వారంటీ అడుగునపుడు ఆ కాగితమే మనకు సాక్షి.

ఇంటికి తెచ్చి అమ్మాయియే కూర్చినది. మా అత్తగారు పెట్టెకు పసుపు కుంకుమలుంచి, లోనికి తొంగిచూచి, “ఈ రెండు గాళ్లు వట్టివేల?” అని యడిగిరి. “మఱొక పంటకు, అవ్వా” అనినది మనుమరాలు. “అయితే గొలుసు ఆ పై పంటకు” అని వారు నవ్విరి.

సోదరీమణులారా! కొనుటకు ముందు ఏది దేనితో ఒప్పునో చీటి వ్రాసి మీరే సరిచూడుడు. క్రొత్తది యేదియని గాక, మన పనికి తగినది యేదియని యడుగుడు. పెరుగుటకు కొంత చోటు విడువుడు. సంసారమున మనము నిత్యము చేయు పనియే యిది, యంత్రమని వెఱవవలదు.