గుడియాత్తం నుంచి వేలూరికి, వయా కాట్పాడి

మా ఇంట్లో నాలుగు నెలలుగా ఒక పంచాయితీ నడస్తా ఉంది. ఎవరికి ఓటు వెయ్యాలని కాదు, ఎక్కడ వెయ్యాలని. మా అందరి ఓట్లూ గుడియాత్తంలోనే ఉన్నాయి. కాపురం చూస్తే వేలూరు సత్తువాచ్చారిలో. ఫారం 8 నింపితే ఓటు ఇక్కడికి వచ్చేస్తుంది, పది నిమిషాల పని. ఆ పది నిమిషాలే దొరకడం లేదు మాకు.

కొత్తగా చదివేవాళ్ళకు మా సంగతి రెండు ముక్కల్లో చెప్తాం. తాత గుడియాత్తంలో లుంగీలు నేసిన మనిషి. నాయన మగ్గం వదిలేసి ముళబాగిలులో అంగడి పెట్టుకున్నాడు. అందువల్ల మా చదువంతా కన్నడ మీడియం. సెలవులకు అవ్వ దగ్గరికి గుడియాత్తం, అక్కడ వీధిలో అరవం, ఇంట్లో తెలుగు. ఇప్పుడు మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వారానికి రెండు రోజులు కాట్పాడిలో రైలెక్కి బెంగళూరు ఆఫీసుకి పోయి వస్తాం. అవ్వ మాత్రం గుడియాత్తం ఇల్లు వదలదు.

ముళబాగిలు నుంచి గుడియాత్తానికి దారి ఇప్పటి లెక్కలో 75వ నంబరు జాతీయ రహదారి. మంగళూరు పక్క బంట్వాళ దగ్గర మొదలై, హాసన్, బెంగళూరు, కోలారు దాటి, వి.కోట మీదుగా ఘాటు దిగి పేర్ణాంబట్టు, గుడియాత్తం, కాట్పాడి, వేలూరు చేరుతుంది. మా కొసన ఒక పూట ప్రయాణంలో మూడు రాష్ట్రాలు, మూడు లిపులు. మాకు తెలుగు చదవడం ఏ బడీ నేర్పలేదు. బస్సు బోర్డులు నేర్పినాయి. కన్నడ తెలిసినవాడికి 'తిరుపతి' అనే నాలుగక్షరాలు చాలు, తలకట్టు ఎక్కడ మారుతుందో పట్టుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి. అరవం మాత్రం అట్లా లొంగలేదు. వేలూరు స్టాండులో చాలా ఏండ్లు అవ్వ చెయ్యి పట్టుకునే బస్సెక్కినాం. అవ్వకు ఏ లిపీ రాదు. కండక్టర్ల గొంతులు తెలుసు, అంతే.

ఈ దారిలో ఇప్పుడు ఇంకో వింత ఉంది, ఆడవాళ్ళకు ఉచిత బస్సు. తమిళనాడులో 2021 మే నుంచి మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. ఏ ఊరిదానివని అడగరు, కార్డు చూపించమనరు. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11న వచ్చింది, అక్కడిదాన్నని కార్డు చూపించాల. ఆంధ్రాలో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది, దానికీ ఆ రాష్ట్రపు కార్డు కావాల. మా అమ్మది ముళబాగిలు ఆధార్. అంటే అమ్మకు కర్ణాటకలో ఉచితం, ఇక్కడ టౌన్ బస్సులోనూ ఉచితం. అవ్వది గుడియాత్తం ఆధార్, అవ్వకు ఇక్కడ మాత్రమే. నడుమ వి.కోట దగ్గర ఆ ఆంధ్రా ముక్కలో ఇద్దరూ డబ్బులిచ్చుకోవాల్సిందే. తెలుగు మాట్లాడే ఆడవాళ్ళు ఇద్దరికీ తెలుగు రాష్ట్రంలోనే టికెట్టు! అవ్వ దీన్ని తలుచుకొని ఎన్నిసార్లు నవ్విందో.

నవ్వు సంగతి అట్లా ఉంచితే, ఆ టౌన్ బస్సు అవ్వకు నిజంగా పెద్ద సాయం. అంతకుముందు కండ్ల పరీక్షకు ఆరణి రోడ్డులో ఉండే షెల్ ఆసుపత్రికి రావాలంటే నాయనకు చెప్పి డబ్బు పంపించుకోవాల. ఇప్పుడు ఆ అవసరం లేదు. కె.వి.కుప్పం దాకా ఒక బస్సు, అక్కడినుంచి కాట్పాడికి ఇంకోటి, మళ్ళీ వేలూరికి ఇంకోటి. పళ్ళికొండ మీదుగా ప్రైవేటు బస్సులో తొందరగా వచ్చేయొచ్చు కదా అంటే, "నాకేం తొందర రా, నన్ను అడిగేవాడు యాడుండాడు?" అంటుంది. మూడు బస్సులు మారే ముసలామెను ఏ ప్రారంభోత్సవం ఫోటోలోనూ చూడలేదు మేము. కానీ ఈ జిల్లాలో ప్రయాణమంటే ఆమే.

ఇంక ఓటు విషయానికి వస్తాం. గుడియాత్తానికి ఓటు చరిత్ర చిన్నది కాదు. 1954 ఏప్రిల్ 13న కామరాజు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయనకు అసెంబ్లీలో సీటు లేదు. నిలబడింది గుడియాత్తం ఉప ఎన్నికలో. గెలిచి, 1957లో సాత్తూరుకి పోయేదాకా గుడియాత్తం ఎమ్మెల్యేనే. అప్పుడు ఓటు వయసు ఇరవై ఒకటి, తాతకు రాలేదు. కానీ వీధిలో అందరికంటే ఎక్కువ తిరిగింది తానేనని చెప్పుకునేవాడు. దానికి కారణం ఉంది. రాజాజీ 1953లో తెచ్చిన బడి పద్ధతిలో పిల్లలు సగం పూట బడి, మిగతా పూట ఇంట్లో కులవృత్తి. నేతవాడి కొడుకుని మళ్ళీ మగ్గం గుంటలోకే దింపే పద్ధతి అది. కామరాజు ప్రభుత్వం వచ్చిన ఏడే దాన్ని ఎత్తేసింది. తాతకు కామరాజు మీద ప్రేమంతా అక్కడిది. నాయన అంగడి పెట్టుకోగలిగింది నాలుగు లెక్కలు నేర్చుకున్నందుకే కదా.

అదే గుడియాత్తం సంగతి మా కాలంలో చూడండి. 2017 సెప్టెంబరులో స్పీకర్ పద్దెనిమిది మంది ఎమ్మెల్యేలను అనర్హులని తీసేసినప్పుడు మా ఎమ్మెల్యే కూడా అందులో ఒకరు. ఉప ఎన్నిక వచ్చింది 2019 ఏప్రిల్ 18న. గెలిచిన కాత్తవరాయన్ 2020 ఫిబ్రవరి 28న చనిపోయినారు. ఆ తర్వాత కరోనా, ఉప ఎన్నిక లేదు. మళ్ళీ ఎమ్మెల్యే వచ్చింది 2021 మేలో. వేళ్ళు మడిచి లెక్కపెట్టినాం. నలభై నాలుగు నెలల్లో ఎమ్మెల్యే ఉండింది తొమ్మిది నెలలు.

పోనీ కౌన్సిలర్లు? తమిళనాడులో మున్సిపల్ కౌన్సిళ్ళ గడువు 2016 అక్టోబరులో అయిపోయింది. తర్వాత ఎన్నిక జరిగింది 2022 ఫిబ్రవరి 19న. అయిదేండ్ల పైన వార్డుకి మనిషి లేడు. ఎంపీ సంగతి ఇంకా చిత్రం. 2019లో పట్టుబడిన డబ్బు కారణంగా వేలూరు లోక్‌సభ ఎన్నికనే రద్దు చేసేసినారు. పోలింగు రెండు రోజులుందనగా, ఏప్రిల్ 16న. డబ్బు కారణంగా లోక్‌సభ ఎన్నిక ఆగిపోవడం దేశంలో అదే మొదటిసారి. అదే లోక్‌సభ కింద వచ్చే గుడియాత్తం, ఆంబూరు అసెంబ్లీలకు మాత్రం 18న ఉప ఎన్నికలు జరిగినాయి! ఒకే ఊరు, ఒకే బూతు. ఎంపీకి ఓటు వేస్తే చెడిపోతారంట, ఎమ్మెల్యేకి వేస్తే చెడిపోరంట. మా పనిలో ఇట్లాంటిది కనబడితే వెంటనే టికెట్టు రాసి పైకి పంపిస్తాం. ఆ లోక్‌సభ ఎన్నిక ఆగస్టు 5న పెట్టినారు, తేడా 8,141 ఓట్లు.

నీళ్ళ కొళాయి, మురుగు కాలువ, వీధి దీపం, ఈ మూడింటికీ అవ్వ ఆ కాలమంతా ఎవర్ని అడగాల? అధికారులు ఉన్నారు, లేరని కాదు. ఒక ఆఫీసులో మేమే అర్జీ ఇచ్చినాం, రసీదు కూడా ఇచ్చినారు. ఆ తర్వాత మూడుసార్లు పోతే మూడుసార్లూ కొత్త ముఖం. వాళ్ళ బదిలీలు వాళ్ళవి. ఓడిపోతానని భయపడే మనిషి ఒకడుంటే ఆ రసీదుకి ఒక విలువ ఉంటుంది.

వేలూరు కథ కూడా ఇంచుమించు అంతే, కాకపోతే ఇక్కడ డబ్బుంది. స్మార్ట్ సిటీ జాబితాలో వేలూరు పేరు వచ్చింది 2016 సెప్టెంబరులో. కార్పొరేషన్ కౌన్సిల్ గడువు ముగిసింది దాని తర్వాతి నెల. ఎప్పుడైనా ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసినారా? ఏ వీధి తవ్వాల, ఏ స్టాండు కొట్టేయాల అని తీర్మానించి పనులు మొదలుపెట్టిన కాలమంతా ఊరికి మేయర్ లేడు, కౌన్సిలర్ లేడు. పథకం కోసం పెట్టిన కంపెనీ ఉండింది, ప్రత్యేక అధికారి ఉండినాడు. 2022లో కౌన్సిల్ వచ్చేసరికి ఎక్కువ పనులు అయ్యేదో, సగంలో ఉండేదో. తవ్విన వీధుల్లో బండి నడిపినవాళ్ళకు తెలుసు ఆ ఏండ్లు ఎట్లా గడిచినాయో.

అయినా న్యాయంగా చెప్పాల. 2022 జూన్‌లో తెరిచిన కొత్త బస్టాండు బాగుంది. విశాలంగా ఉంది, నీడ ఉంది. పాతదాంట్లో వాన పడితే చీర కుచ్చెళ్ళు పట్టుకొని ఎగరాల్సిందే. మాకున్న ఫిర్యాదు ఒకటే. స్టాండు కట్టినవాళ్ళు బస్సుల్ని చూసినారు గానీ, బస్సు మారే మనిషిని చూడలేదు. అవ్వ కాట్పాడిలో దిగి, పాలారు వంతెన దాటి, ఆరణి రోడ్డు పోవాల. ఆమెకు కావలసింది పెద్ద స్టాండు కాదు, "ఇది దిగితే అది ఎక్కు" అని చెప్పే ఒక గొంతు. వేలూరులో సి.ఎం.సి. ఆసుపత్రి చుట్టూ లాడ్జీల మీద, మెస్సుల మీద బెంగాలీ బోర్డులు చూస్తే ముచ్చటేస్తుంది. రోగులు బెంగాలు నుంచి వస్తారు, వ్యాపారస్థుడు వాళ్ళ అక్షరం రాయించినాడు. ఎవరూ చట్టం చెయ్యలేదు. కాట్పాడిలో వి.ఐ.టి. పిల్లల కోసం తెలుగు మెస్సులకూ తెలుగు బోర్డులు వచ్చినాయి. అంగడివాడికి తెలిసిన ఈ చిన్న విషయం బస్సుల దగ్గరికి మాత్రం రాలేదు. చిత్తూరు, తిరుపతి నుంచి వచ్చే ఆంధ్రా బస్సుల నుదుటి మీద ఉండేదే మనకు అక్కడ కనబడే తెలుగు.

రైలు మాట కూడా అనేస్తాం. 2022 మే 26న కాట్పాడి స్టేషన్ కొత్తగా కట్టడానికి ప్రధాని శంకుస్థాపన చేసినారు. అదే రోజు బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేకి కూడా. ఆ నవంబరులో మైసూరు వందే భారత్ మొదలైంది, చెన్నై దాటితే కాట్పాడి, కాట్పాడి దాటితే బెంగళూరు. మాకు ఆఫీసు రోజుల్లో అది వరమే. గుడియాత్తం స్టేషన్ మీదుగానే పోతుంది, ఆగదు. స్టేషనేమో ఊరికి దూరంగా ఉంది, ఆగే బండ్లు తక్కువ, దిగినా మళ్ళీ బస్సో ఆటోనో చూసుకోవాల. 1864లోనే మద్రాసు నుంచి బెంగళూరుకి రైలు కలిసిన దారి ఇది. నూట అరవై ఏండ్ల తర్వాత కూడా అవ్వ వేలూరికి వచ్చేది బస్సులోనే.

2021 నవంబరు వాన మా పంచాయితీని ఇంకొంచెం చిక్కు చేసింది. ఊరి నడుమ పారే కౌండిన్య నది మామూలుగా ఇసుక, ముళ్ళకంప. ఆ వారం మోర్దానా డ్యాము నిండి పొంగింది, నీళ్ళు ఒడ్డు ఇళ్ళల్లోకి వచ్చేసినాయి. అవ్వ ఇల్లు మెట్ట మీద ఉంది కాబట్టి తప్పించుకుంది. రెండు రోజులు ఆమె అటు, మేము ఇటు. ఫోను ఉంది, దారి లేదు. ఆ తర్వాత నది ఒడ్డున ఆక్రమణలని చెప్పి ఇండ్లు కొట్టేసినారు. నదికి దారి వదలాల, అది నిజం. ఆ ఇండ్లకు అన్నేండ్లు కరెంటు మీటరు ఇచ్చింది, ఇంటి పన్ను కట్టించుకుంది ఎవరు అని అవ్వ అడుగుతుంది, అదీ నిజమే. అవ్వతో కలిసి బీడీలు చుట్టిన ఒకామె ఇల్లు పోయి కూతురి ఊరికి పోయింది. సాయంకాలం మాట్లాడేదానికి అవ్వకు మనిషి తగ్గింది.

కాబట్టి ఇంట్లో మాటలు ఇట్లా నడుస్తాయి. ఓటు వేలూరికి మార్చుకుందాం, పన్ను కట్టేది ఇక్కడ, గుంటలో పడేది ఇక్కడ, కార్పొరేషన్‌ని అడిగే హక్కు ఇక్కడ ఉండాల అని మేము. అమ్మ మా పక్కే. నాయనది ఒకటే మాట: "గుడియాత్తంలో మన ఇంటి ఓట్లు అయిదు. నాలుగు తీసేస్తే అవ్వది ఒకటి. ఒక్క ఓటున్న ఇంటికి ఎవడొస్తాడు?" మొన్న కౌన్సిలర్ ఎన్నికలో ఇంటి ముందుకొచ్చినవాళ్ళు గుమ్మంలో లెక్కపెట్టుకున్నది అదే. ఎన్ని ఓట్లమ్మా ఈ ఇంట్లో అని అడిగి, అయిదు అనగానే చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నారు. మర్నాడే వీధి దీపం వెలిగింది. మేము అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్న దీపం అది.

చట్టం ప్రకారం ఎవరు ఎక్కడ మామూలుగా నివాసముంటారో అక్కడే ఓటు. టెస్టింగ్ చేసే మాకు నియమం కనబడితే దాన్ని దాటి చూడటం రాదు. నాయనకు నియమం కంటే దీపం ముఖ్యం. ఇంతకీ అవ్వను అడిగినాం, నువ్వే మాతో వచ్చేయరాదా, అప్పుడు అయిదూ ఒక చోటికి వస్తాయి కదా అని. "వచ్చి యాడ కూర్చోవాల? మీ మూడో అంతస్తు నుంచి నాకు ఏ బస్సూ కనబడదు" అనేసింది.

ఫారం సగం నింపి ల్యాప్‌టాప్‌లో అట్లే పెట్టినాం. మీలో బరంపురంలోనో, హోసూరులోనో, డాలస్‌లోనో ఉండి, ఊర్లో పెద్దవాళ్ళను పెట్టుకొని ఓటు అటా ఇటా అని ఆలోచించినవాళ్ళు ఉంటే, ఏం చేసినారో రాయండి. నాయనకు చదివి వినిపిస్తాం. వచ్చే గురువారం అవ్వకు కండ్ల పరీక్ష ఉంది, కాట్పాడిలో మూడో బస్సు దగ్గర మేము నిలబడి ఉంటాం.