ఎనిమిదో వంతు అంగుళం

అంబాసిడర్ కారున్న ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు తడిగుడ్డ సంగతి నేను చెప్పనక్కరలేదు. రోహిణీకార్తె ఎండలో నాలుగు మైళ్ళు పోయేసరికి కారు దగ్గి, ఉలిక్కిపడి, నడిరోడ్డు మీద నిలబడిపోయేది. డ్రైవరు బానెట్టు ఎత్తి, ఇంజను పక్కనున్న పెట్రోలు పంపుకి తడిగుడ్డ చుట్టి, చెట్టునీడకు పోయి కూర్చునేవాడు. వేడికి పంపులో పెట్రోలు ఆవిరై బుడగ కట్టేది. ఆ బుడగని పంపు లాగలేక పోయేది. అదీ రోగం. తడిగుడ్డ దానికి మందు.

ఆ పంపు బహు నెమ్మదస్తురాలు. వెనకనున్న టాంకులోంచి పెట్రోలు పీల్చి, అర బారు కూడా లేని ఒత్తిడితో కార్బురేటరుకి అందించేది. గొట్టం ఎక్కడైనా చెమర్చితే బొట్టుబొట్టుగా కారేది, వాసన వచ్చేది, ఇంత సబ్బు మెత్తి ఇంటికి చేరుకునేవారు.

మా బావగారి కారు ఆ జాతిదే. ఆయన పోయాక ఆరేళ్ళు షెడ్డులో పడి ఉంది. అమ్మేద్దామంటే మా అక్కయ్య ఒప్పుకోలేదు. నడిపిద్దామంటే అది నడవలేదు. చివరికి మా మేనల్లుడు, కంప్యూటరు ఉద్యోగం చేసుకునేవాడు, సెలవు పెట్టి మరీ దాని మీద పడ్డాడు. కార్బురేటరు ఊడబీకి ఇంజెక్షను పెట్టాడు. టాంకు దగ్గర్నుంచి ఇంజను దాకా గొట్టమంతా కొత్తగా వేయించాడు. ఈ మధ్య పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు గనుక పాత రబ్బరు దానికి తాళదని హోసులన్నీ మార్పించాడు. అంతవరకూ నాకూ బాగానే ఉంది. "కారు సిద్ధం కాగానే శ్రీశైలం వెళ్దామురా" అని అక్కయ్య అన్న దగ్గర్నుంచే నాకు నిద్ర పట్టలేదు.

ఏమంటే, ఇంజెక్షను కారు గొట్టంలో పెట్రోలు 3 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. మన చుట్టూ ఉన్న గాలి బరువు ఒక బారు, కాస్త అటూ ఇటూగా. దానికి మూడింతలన్నమాట. ఆ గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే పెట్రోలు కారదు, చిమ్ముతుంది. చిమ్మిన చోటికి జానెడు దూరంలో పొగగొట్టం కాలుతూ ఉంటుంది. ఇక సబ్బు ఎవరికి కావాలి?

అందుకే మేనల్లుడు గొట్టంలో ఒత్తిడి కొలిచే సెన్సరు ఒకటి పెడతానన్నాడు. బొటనవేలంత ఇత్తడి ముక్క, వెనక మూడు తీగలు. ఒక తీగెకు 5 వోల్టులు ఇస్తే, రెండోది భూమి, మూడోది కబురు చెబుతుంది. ఒత్తిడి లేకపోతే అర వోల్టు, 100 పౌనులకు నాలుగున్నర వోల్టులు. పంపు నీరసించినా, ఫిల్టరు పూడుకున్నా, కారు ఆగడానికి ముందే డాష్‌బోర్డు మీద అంకె తగ్గిపోతుంది. ఘాటురోడ్డులో లారీని దాటుతూ ఉండగా పెట్రోలు చాలక ఇంజను నీలగడం కన్నా ముందు తెలియడం మేలు కదా అని వాడి వాదం.

వాదం బాగానే ఉంది. కాని ఆ సెన్సరు పెట్టాలంటే అతుకుల్లేని గొట్టాన్ని కోసి, మధ్యలో ఒక టీ బిగించాలి. కాపలావాణ్ణి కూచోబెట్టడానికి గోడకు కన్నం వేసినట్టే. ఆ మాటే వాడితో అన్నాను. "అందుకే మావయ్యా, కన్నం సరిగ్గా వెయ్యాలి" అన్నాడు.

బెజవాడ ఆటోనగర్‌లో మేస్త్రి టీ తెచ్చాడు. సెన్సరు మర ఎనిమిదో వంతు అంగుళం, టీ మర కూడా ఎనిమిదో వంతు అంగుళమే. (కొలిచి చూస్తే అది పది మిల్లీమీటర్ల పైచిలుకు ఉంది! ఒకప్పటి ఇనప గొట్టం లోపలి వెడల్పుని బట్టి వచ్చిన పేరట. బురదలో పుట్టినదల్లా పంకజం కానట్టే, రూఢి అయిపోయిన మాటకు అర్థం వెదక్కూడదు.) సెన్సరు రెండు మూడు చుట్లు సుఖంగా తిరిగి బిగుసుకుపోయింది.

"చూశారా, ఎంత టైటుగా ఉందో! తెల్లటేపు నాలుగు చుట్లు చుట్టి ఇంకో పట్టు పడితే కైలాసం దాకా వెళ్తుంది మాష్టారూ" అన్నాడు మేస్త్రి.

"మేం వెళ్ళాల్సింది శ్రీశైలం దాకానే" అన్నాను.

మేనల్లుడు నవ్వలేదు. పక్క సందులో లేతు నడిపే పెద్దాయన దగ్గరికి రెండూ పట్టుకుపోయాడు. ఆయన ఇత్తడి రజను అంటిన చేత్తో దువ్వెన పళ్ళలాంటి రేకులున్న గేజి ఒకటి తీసి, సెన్సరు మర మీద ఒక రేకు ఆనించి దీపానికి ఎత్తి చూపించాడు. పన్ను పన్నుకీ కూర్చుంది. అదే రేకు టీ మరకు సరిపడే మేకు మీద ఆనిస్తే నాలుగో పన్ను దగ్గర వెలుతురు కనిపించింది.

"ఇది అంగుళానికి 27 చుట్లు, అమెరికా వాళ్ళది. అది 28, ఇంగ్లీషు వాళ్ళది. మన కుళాయి గొట్టాలన్నీ ఆ రెండోవే బాబూ. పళ్ళ వాలు కూడా వేరు. ఇది బిగుసుకోలేదు, ఇరుక్కుంది" అన్నాడు.

ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. సంధి కుదరడానికీ రెండు పదాలు ఒకదానికొకటి అడ్డం పడడానికీ ఉన్న తేడా క్లాసులో ఇంత తేలిగ్గా చెప్పగలిగితే ఎంత బాగుండును! తర్వాత పుస్తకాలు తిరగేస్తే తగువు ఎంత పాతదో తెలిసింది. ఇంగ్లండులో విట్‌వర్త్ అనే ఆయన 1841లో మర పళ్ళకు 55 డిగ్రీల కోణం నిర్ణయించాడు. అమెరికాలో సెల్లర్స్ అనే ఆయన 1864లో 60 డిగ్రీలన్నాడు. ఆ అయిదు డిగ్రీల పేచీ మా అక్కయ్య కారు దాకా వచ్చి కూర్చుంది.

తెల్లటేపుని కూడా పెద్దాయన పడనివ్వలేదు. అది కుళాయికి మంచిదే గాని, దాని పీలిక ఒకటి తెగి లోపలికి పోతే పెట్రోలు చిమ్మే సన్నటి రంధ్రాల్లో అడ్డుపడుతుందట. ఇత్తడి దిమ్మె ఒకటి తొలిచి, అమెరికా మర కోసి, పెట్రోలుకు తాళే జిగురు మొదటి రెండు చుట్లు వదిలి రాసి, సెన్సరు దింపాడు. ఆ దిమ్మెని ఇంజనుకి కాక పక్కనున్న బాడీ రేకుకి బోల్టు వేశారు. ఇంజను వణుకు సెన్సరు మెడకు తగలకుండా మధ్యలో జానెడు హోసు.

పరీక్ష పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా పెట్టారు. పక్కనే మంటలార్పే సిలిండరు. ఇంజను జోలికి పోకుండా ఉత్త పంపు వేశారు. ప్రతి అతుకు చుట్టూ పొడి కాగితం చుట్టి పావుగంట చూశాం. కాగితం తడవలేదు. మీటరు 2.24 వోల్టులు చూపించింది, లెక్క కడితే 3 బార్లు. అప్పుడు ఇంజను వేశాడు. అంకె టక్కున 2.4కి పడిపోయింది.

నా గుండె కూడా దానితోపాటే పడింది. మేస్త్రి నా కేసి "చెప్పానా" అన్నట్టు చూశాడు. కాని మేనల్లుడు రెగ్యులేటరు మీద ఉన్న సన్నటి రబ్బరు గొట్టం ఊడదీసి, దాని కొసని వేలితో మూశాడు. అంకె మళ్ళీ 3. పెట్టాడు, 2.4. ఇంజను గాలి పీల్చే చోట శూన్యం ఏర్పడుతుంది, అది పెట్రోలుని తనవైపు లాగుతుంది. ఆ లాగినంత మేరా రెగ్యులేటరు ఒత్తిడి తగ్గిస్తుంది. దాని ధర్మమే అది. గొట్టం తగిలించి, 2 బార్ల కంటే దిగితే వెలిగేలా ఒక ఎర్రదీపం పెట్టాడు.

కార్తీకం వెళ్ళాక రద్దీ తగ్గిందని చూసుకుని బయలుదేరాం. అక్కయ్య ముందుసీట్లో కూచుని, పొయ్యి మీద పాలు చూసుకున్నట్టు ఆ అంకె వంకే చూస్తోంది. దోర్నాల దాటి ఘాటు ఎక్కుతూ ఉంటే అంకె 2.8 అయింది.

"ఒరేయ్, ఇదేమిటిరా పెరుగుతోంది?"

"బరువెక్కినప్పుడు పెరగాలమ్మా. దిగేటప్పుడు తగ్గుతుంది."

"మీ నాన్నగారికీ అంతే" అని, కిటికీలోంచి నల్లమల అడవి చూడ్డం మొదలుపెట్టింది.