మూగజీవికి వైద్యుడు

మనుష్యుడు రోగగ్రస్తుడైనప్పుడు వైద్యుని సమ్ముఖమునకు పోయి, నొప్పి యెక్కడనో, ఎప్పటినుండియో, ఏమి తిన్న పిమ్మట ఆరంభమైనదో చెప్పుకొనగలడు. మాటలు రాని పసిబిడ్డయు ఏడ్పుచేతనైనను తన బాధను తల్లికి తెలుపుకొనును. కాని మన యింట పెరుగు కుక్కయు పిల్లియు తమ బాధను తెలుపకపోవుటయే కాక, సాధ్యమైనంతవరకు దాచుకొనును. అడవిలో బలహీనతను బయటపెట్టిన జంతువు శత్రువు వాతబడునను భయము వేల తరములనాడే వాని రక్తమున ఇంకినది. మనుష్యుని గడపలో ఎంతకాలము బ్రతికినను ఆ భయము వానిని విడిచిపోలేదు. పిల్లి విషయమున ఇది మరింత నిజము. మంచము క్రిందనో బీరువా వెనుకనో ముడుచుకొని పడుకొనునే కాని అది మూలుగనైనను మూలుగదు. తిండి మానిన రెండవనాడో మూడవనాడో మనము గుర్తించునప్పటికి వ్యాధి లోలోపల చాలదూరము నడచియుండును. ఈ హేతువుచేతనే పెంపుడు జంతువునకు మంచి వైద్యుని సంపాదించుట మనకొరకు సంపాదించుకొనుటకంటె కష్టతరమని నా నమ్మకము. మనకు జరిగిన చికిత్స బాగున్నదో లేదో మన శరీరమే చెప్పును. కుక్కకు జరిగిన చికిత్సను గూర్చి సాక్ష్యము పలుకువారెవరు? రోగికి నోరులేదు, వెంటతెచ్చినవానికి శాస్త్రము తెలియదు; ఆ యిద్దరి నడుమ నిలుచున్న వైద్యుని మనస్సాక్షి యొక్కటే అక్కడ ప్రమాణము.

ఈ శాస్త్రము మనకు క్రొత్తది కాదు. అశ్వవైద్యమునకు శాలిహోత్రుని, గజవైద్యమునకు పాలకాప్యుని మన పూర్వులు మూలపురుషులుగా స్మరించిరి. విరాటుని కొలువున నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను కాచుచు, వాని రోగములు కుదుర్చు విద్య యెరిగినవారమని చెప్పుకొనియే ప్రవేశించిరి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై నేటికిని నిలిచియున్న అశోకుని శాసనములలో ఒకటి, మనుష్యులకును పశువులకును చికిత్సా సదుపాయములు కల్పింపబడినవనియు, ఔషధమూలికలు లేనిచోట్లకు తెప్పించి నాటింపబడినవనియు ప్రకటించుచున్నది. మనుమంచిభట్టు తెలుగు పద్యములలో హయలక్షణ విలాసము రచించెను. అయినను ఈ సంప్రదాయము ప్రధానముగా యుద్ధమునకు, సేద్యమునకు, పాడికి పనికివచ్చు జంతువులను ఆశ్రయించి పెరిగినదే. ఇతర దేశములయందును అంతే. 1761లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున బూర్జెలా స్థాపించిన తొలి పశువైద్య పాఠశాలకు, పశువులను మందలు మందలుగా చంపుచుండిన మారిరోగము నెదుర్కొనుట ముఖ్యోద్దేశములలో నొకటి. కుక్క కొరకును పిల్లి కొరకును ప్రత్యేకించి ఒక వైద్యుడుండవలెనను తలంపు బలపడుటకు లోకమునకు చాలకాలము పట్టినది.

నేటికిని మన జిల్లాలలోని ప్రభుత్వ పశువైద్యశాలలకు ముఖ్యమైన పని పాడియు మందయునే. ప్రొద్దుట పోయి చూడుడు: చూలు నిలువని గేదెను తోలుకొని వచ్చినవాడొకడు, దూడ పారుకొనుచున్నదని వచ్చినదొక ముసలమ్మ, గొర్రెలకు చిటుకురోగపు టీకా ఎప్పుడు వచ్చునో అడుగవచ్చిన కాపరి యొకడు, గాలికుంటు సోకిన ఎద్దును ఇనుప చట్రమున నిలిపి కట్టుచున్న పాలేరు మరియొకడు. వీరందరి నడుమ కుక్కపిల్లను చంకనెత్తుకొని నిలుచున్నవాడు తాను తప్పుచోటికి వచ్చితినేమోయని సంకోచపడును. సంకోచింప నక్కరలేదు. అడ్డము తిరిగిన దూడను చీకటిరాత్రి లాంతరు వెలుతురున తల్లి కడుపునుండి తీసిన చేతులు కుక్క కడుపునుగూడ నేర్పుతో తడిమి చూడగలవు. రంగురంగుల అద్దాల గదియున్న చికిత్సాలయమే మేలైనదని, పెంకుటింటి పశువుల ఆసుపత్రి కొరగానిదని భావించువారితో నేను ఏకీభవింపజాలను.

మా పట్టణపు పశువుల ఆసుపత్రిలో చాలకాలము పనిచేసి, విశ్రాంతి గైకొన్న పిదప తమ యింటి ముందుగదిలోనే కుక్కలను పిల్లులను చూచుచున్న డాక్టరుగారొకరు కలరు. నమ్మదగిన వైద్యుడన నెట్లుండునని ఎవరైన నడిగినచో నాకు వారి పద్ధతియే జ్ఞప్తికి వచ్చును. కుక్కను బల్లపై కెక్కించిన వెంటనే సూది తీయుట వారెరుగరు. చేతులు కడుగుకొని, పిడికిలి మూసి దాని ముక్కు దగ్గరకు తెచ్చి, తీరికగా వాసన చూడనిత్తురు, అది తోక సడలించిన పిమ్మట గొలుసు పట్టుకొన్నవానిని ప్రశ్నింప నారంభింతురు: “నిన్న ఏం తిన్నాడండీ? నీళ్లు తాగుతున్నాడా? వాంతిలో పడింది నురుగా, తిండా? మూత్రం రంగు చూశారా?” ప్రశ్నలు సాగుచుండగనే వారి చేతులును పనిచేయుచుండును. పైపెదవి నెత్తి చిగురును బొటనవ్రేలితో నొక్కి విడిచి, తెల్లబడిన చోటికి రెండు సెకండ్లలోపల ఎరుపు తిరిగి వచ్చుచున్నదో లేదో చూతురు. కనురెప్పను క్రిందికి లాగి పసరికలున్నవేమో పరీక్షింతురు. చెవుల మడతలలోను వ్రేళ్ల సందులలోను పిడుదులకొరకు వెదకుదురు. పొట్టను రెండరచేతుల నడుమ నుంచి, ఎక్కడ తాకినప్పుడు అది ఊపిరి బిగబట్టుచున్నదో గమనింతురు. ఆసనమున థర్మామీటరుంచి వేడి చూచి, కుక్కకు 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు సహజమేయనియు, మన లెక్కతో చూచి జ్వరమని భయపడవలదనియు ఇంటివారికి నెమ్మదిగా బోధింతురు. చిట్టచివర తూకము. మూడు కిలోల కుక్కపిల్లకును ముప్పది కిలోల అల్సేషియనునకును మందు మోతాదు ఒక్కటి కానేరదు గనుక, తూచకయే చీటీ వ్రాయు వైద్యుని నేను నమ్మజాలను. మరియొక ఊరిలో ఒక చికిత్సాలయమున, కుక్క గదిలో అడుగిడకముందే చీటీ సగము నిండుట నేను కన్నులార చూచితిని: జ్వరమునకొకటి, వాంతికొకటి, బలమునకొకటి, వెరసి మూడు సూదులు. ఆ కుక్క బ్రతికినది. అయినను దానిని వైద్యమనుటకు నాకు నోరురాదు.

పట్టము మాట గూడ చెప్పవలెను. పశువైద్య విద్య శిక్షణాకాలముతో గూడ అయిదున్నర సంవత్సరముల చదువు. 1984వ సంవత్సరపు భారత పశువైద్య మండలి చట్టము ననుసరించి, ఆ పట్టము పొంది మండలియందు పేరు నమోదు చేయించుకొన్నవారే వైద్యవృత్తి సాగింప నర్హులు. గోడపై నమోదు సంఖ్య కనబడనిచో మర్యాదగా అడుగుటలో తప్పులేదు. నిజమైన వైద్యుడు అందుకు కోపగింపడు. కుక్కపిల్లల నమ్ము దుకాణదారుడే టీకా వేయుట, ఆసుపత్రిలో కట్లు కట్టిన అనుభవముతో ఒకడు ఇంటింటికి తిరిగి సూదులు గ్రుచ్చుట పట్టణములలో నిత్యము జరుగుచున్నవి. టీకామందు 2 మొదలు 8 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ చల్లదనమున నిలువయుండవలెను. ఎండలో సంచిలో తిరిగిన సీసాలోని మందు సూదిపోటు బాధను కలిగించునే కాని రక్షణ నీయజాలదు. శ్రద్ధగల వైద్యుడు శీతలపేటిక నుండి సీసాను మన యెదుటనే తీసి, దానిపై కాగితపు చీటీని ఊడదీసి కుక్క పుస్తకమున అంటించి, తేదీ వేసి సంతకము చేయును. పార్వో యను విరేచనవ్యాధికిని డిస్టెంపరునకును ఆరెనిమిది వారముల ప్రాయమునుండి టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారముల కొకసారి మరల వేయవలెననియు, మూడవ నెల నిండిన పిమ్మట రేబిస్ టీకా వేయించి ఏటేటా కొనసాగింపవలెననియు ఆయనయే జ్ఞప్తి చేయును. రేబిస్ లక్షణములు పొడసూపిన పిదప కుక్కకు గాని మనుష్యునికి గాని బ్రతుకు దాదాపు లేదు గనుక, ఆ యొక్క టీకాలో ఇంటిల్లిపాది ప్రాణములును ఇమిడియున్నవి. 1885 జులై 6న పాస్టరు మహాశయుడు జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలునికి తొలిసారి రేబిస్ టీకా వేసెను. ఆ దినమును స్మరించుచు ఏటేటా జులై 6న మన ప్రభుత్వ పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఉచితముగా ఈ టీకా వేయుచున్నారు. పేదవాడు గూడ తన కుక్కకు చేయించుకొనగల మేలిది.

వైద్యుని జ్ఞానముకంటె ఆ జ్ఞానమునకు గల సరిహద్దును ఆయన ఒప్పుకొను తీరు నాకెక్కువ విశ్వాసము కలిగించును. మా యింటి ఆడకుక్క గౌరి ఒక వేసవిలో తిండి మానివేసి, జ్వరముతో మెత్తబడి, ఒకనాటి ఉదయము ముక్కునుండి నెత్తురు కార్చినది. నేను చెప్పిన డాక్టరుగారు దాని చెవికొనను గ్రుచ్చి రెండు బొట్లు గాజుపలకపై పరచి, సూక్ష్మదర్శినిలో చాలసేపు చూచి, తల యెత్తి, “పిడుదుల జ్వరమనే నా అనుమానమండీ, కానీ ఇందులో నాకు తేటగా కనపడటం లేదు. అనుమానం మీద నాలుగు రోజులు పోగొట్టడం నాకిష్టం లేదు. గన్నవరం తీసుకెళ్లండి, ఉత్తరం రాసిస్తాను” అనిరి. గన్నవరపు పశువైద్య కళాశాల ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, రక్తఫలకికలు ప్రమాదకరముగా తగ్గినవని కనుగొని, డాక్సీసైక్లిను మాత్రలు నాలుగు వారములు వాడుమనిరి, గౌరి కోలుకొన్నది. డాక్టరుగారు ఆ ఉత్తరము వ్రాయక తమ పేరు నిలుపుకొనుటకై సూదిమీద సూది వేసియుండినచో ఏమి జరిగియుండునో తలంచుకొనుటకు గూడ నాకు మనసొప్పదు. తిరుపతియందును రాజేంద్రనగరమందును గల కళాశాలల ఆసుపత్రులు, హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ ఆసుపత్రి ఇట్టి రోగుల కొరకే తలుపులు తెరచియున్నవి. “ఇది నా చేతిలో లేదు” అని సకాలమున చెప్పగల వైద్యుడు మీ ఊరిలో నున్నచో, ఆయనను విడువకుడు.

మన యింటి మందులపెట్టెను గూర్చి హెచ్చరించువాడును మంచి వైద్యుడే. మనకు జ్వరము దించు పారాసిటమాలు మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణము తీయగలదు. దాని కాలేయమునకు ఆ మందును విరిచి బయటికి పంపు శక్తి చాలదు. రక్తము ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు గోధుమరంగు తిరిగి, ముఖము వాచి, గంటలలో అది కూలిపోవును. మన కీళ్లనొప్పులకు వాడు ఇబుప్రొఫెను కుక్కకు కడుపులో పుండ్లు కలిగించి మూత్రపిండములను చెరచును. పశువులకు విరివిగా వాడిన డైక్లోఫెనాక్ అను నొప్పిమందు, ఆ పశువుల కళేబరములను తిన్న రాబందులను దాదాపు తుడిచిపెట్టుటచేత 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమునుండి దానిని తొలగించినది. ఒక మాత్ర ఎంతదూరము పోవునో తెలిసికొనుటకు అంతకుమించిన నిదర్శన మక్కరలేదు. కావున డాక్టరుగారు “ఇంట్లో ఏమైనా వేశారా?” అని యడిగినప్పుడు దాచకుడు, దాచిన మాట రోగి మీదికి వచ్చును.

రుసుము సంగతి ముందుగనే అడిగి తెలిసికొనుట ఉభయులకును క్షేమము. అంతకంటె ఆ విషయమున చెప్పవలసినదేమియు లేదు.

చెప్పక తప్పని మాట మరియొకటి కలదు. ప్రతి వ్యాధియు కుదురునది కాదు. పెంపుడు జంతువుల ఆయువు మన ఆయువులో చిన్న భాగము మాత్రమే. మూత్రపిండములు పూర్తిగా చెడి, లేచి నిలువలేక, నీరు సైతము నిలువని ముసలి కుక్కను నెలలకొలది సెలైను సీసాలక్రింద పరుండబెట్టి డబ్బు గుంజుటయు, “రేపటికి లేచి తిరుగుతుంది” అని పొద్దు గడుపుటయు రెండును క్రూరములే. గౌరికి పూర్వము మా యింట పెరిగిన కుక్క విషయమున డాక్టరుగారు స్వయముగా ఇంటికి వచ్చి, మా అందరిని కూర్చుండబెట్టి, ఇక కుదురదని, బాధ పెరుగునే గాని తగ్గదని స్పష్టముగా చెప్పిరి. నిర్ణయమును మాకు విడిచిరి. మేము సరేయనిన పిమ్మట ముందు మత్తుమందిచ్చి, అది మా అమ్మ ఒడిలో నిద్రించువరకు వేచియుండి, తరువాతనే చివరి సూది వేసిరి. ఆనాడు వారు రుసుము తీసికొనలేదు. తీసికొన్నను నా గౌరవము తగ్గియుండెడిది కాదు. ఆ దుఃఖమున వారు మాతో నిజము పలికిరి, అదియే చాలును.

ఇంతమాత్రముచేత భారమంతయు వైద్యునిపై మోపి మనము చేతులు దులుపుకొనరాదు. నోరులేని రోగికి నాలుక కావలసినవారము మనమే. ఎప్పుడు తిన్నది, ఎన్నిసార్లు వాంతియైనది గడియారము చూచి వ్రాసికొనవలెను. నడకలో తేడాయున్నచో, దగ్గు రాత్రివేళనే వచ్చుచున్నచో, ఆసుపత్రి బల్లపై అది కనబడదు గనుక చేతిలోని ఫోనులో వీడియో తీసి చూపవలెను. పిల్లిని ఒడిలో పెట్టుకొని పోక, బుట్టలోనో పంజరములోనో ఉంచి పైన పలుచని గుడ్డ కప్పి తీసికొనిపోవలెను. కరచు స్వభావమున్న కుక్కయైనచో ఆ సంగతి ముందుగనే చెప్పి మూతికి చిక్కము కట్టవలెను; వైద్యుని చేతులు గాయపడినచో మరునాడు వచ్చు రోగులకు దిక్కెవరు?

పాఠకులకు నా విన్నపమిది: మీ యింటి కుక్కయో పిల్లియో కులాసాగా తిరుగుచున్న ఈ దినములలోనే, ఒక ఉదయము దానిని వెంటబెట్టుకొని మీ ఊరి పశువైద్యుని దర్శింపుడు. తూకము వేయించి, టీకాల పుస్తకము చూపి, ఆయన దానిని తాకు తీరును, మిమ్ము ప్రశ్నించు తీరును గమనింపుడు. రాత్రివేళ అవసరమైనచో ఎవరిని పిలువవలెనో, పై వైద్యమునకు ఎచ్చటికి పంపుదురో అడిగి, ఆ నంబరులు గోడమీద వ్రాసి పెట్టుకొనుడు. మనసు కుదరనిచో మరియొకరిని చూడుడు. జంతువు ఆరోగ్యముగా నున్నప్పుడు వెదకుటకు కావలసినంత వ్యవధి యుండును, అర్ధరాత్రి అది మూర్ఛిల్లినప్పుడు ఉండదు.