వంగని బండి

మలుపు తిరిగేటప్పుడు కారు బయటివైపుకి ఒరుగుతుంది కదా, ఆ ఒరుగుడు తగ్గించే ఇనప కడ్డీ పేరు స్వే బార్. ఇక్కడ బెర్లిన్లో స్టాబిలిజాటోర్ అంటారు, ముద్దుగా స్టాబీ. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య అడ్డంగా ఉంటుంది. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే దానికి పట్టదు. ఒకటి లేచి ఇంకోటి దిగితే మాత్రం మెలిపడి, బండిని నిటారుగా నిలబెట్టాలని చూస్తుంది.

నాకో సెకండ్ హ్యాండ్ మాజ్దా ఎంఎక్స్-5 ఉంది. రెండే సీట్లు. (మా అమ్మ దీన్ని ఇప్పటికీ కారని ఒప్పుకోదు.) మలుపుల్లో ముక్కు బయటికి పోతోందని, వెనక 12 మిల్లీమీటర్ల బార్ తీసేసి 14ది వేయించాను. రెండు మిల్లీమీటర్లే కదా అనుకోకండి. గట్టి కడ్డీ బిగువు దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. లెక్క వేసుకుంటే దాదాపు 85 శాతం ఎక్కువ!

జర్మనీలో బిగిస్తే సరిపోదు. బార్‌తో పాటు వచ్చిన ధ్రువపత్రం పట్టుకుని తనిఖీ ఇంజనీరు దగ్గరికి వెళ్ళాలి. ఆయన చూసి సంతకం పెడితే బండి కాగితాల్లో ఎక్కుతుంది. అదీ చేయించాను. ఆ వారమంతా గ్రోసర్ ష్టెర్న్ చుట్టూ పనిలేకపోయినా తిరిగాను. బండి ఒరగడమే లేదు, పట్టాలమీద పోతున్నట్టుంది. ప్రెంజ్లావర్ బెర్గ్ రాళ్ళ వీధుల్లో మాత్రం ఒక చక్రం గుంటలో పడితే రెండోవైపు కూడా కుదుపు తగిలేది. స్పోర్ట్స్ కారంటే ఇలాగే ఉంటుందిలే అని సర్దుకున్నాను.

అక్టోబర్లో మా నాయన వచ్చాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనాడు, చాలా ఏళ్ళు తిరుమల ఘాట్ రోడ్డు మీదే. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆవుస్ చూపించడానికి తీసుకెళ్ళాను. ఇప్పుడది ఏ115 హైవే గానీ, 1921లో రేసుల కోసం తెరిచిన రోడ్డు. 1937లో ఉత్తరం కొసన 43 డిగ్రీల వాలుతో ఇటుకల మలుపు కట్టారు. 1959లో జాఁ బెహ్రా అనే ఫ్రెంచి రేసరు వానలో అక్కడే పోర్షె అదుపు తప్పి చనిపోయాడు. 1967లో ఆ మలుపుని కూలగొట్టేశారు.

ఇదంతా గొప్పగా చెప్తూ హ్యూట్టెన్‌వెగ్ దగ్గర హైవే దిగాను. సన్నగా వాన, రోడ్డునిండా రాలిన ఆకులు. వేగం ఎక్కువని నాకు అనిపించనే లేదు. బండి కొంచెమైనా వంగలేదు మరి! ఒక్కసారిగా వెనకభాగం జారింది. స్టీరింగ్ తిప్పేలోపే మేం వచ్చినవైపుకే ముఖం పెట్టి ఆగాం. అదృష్టం, వెనక ఎవరూ రావట్లేదు.

నాయన కాసేపు మాట్లాడలేదు. బండి పక్కకి తీశాక అడిగాడు: "ఏమిరా, నీ బండి వంగదా?"

కొత్త బార్ సంగతి చెప్పాను. "వంగితే కదరా డ్రైవరుకి తెలిసేది! నలభైమందిని ఏసుకుని కొండ దిగేటప్పుడు నేను మీటరు చూసేటోణ్ణి కాదు. సీట్లో నా ఒళ్ళు ఎంత పక్కకి పోతాందో చూసుకునేటోణ్ణి."

ఇంటికొచ్చి మళ్ళీ లెక్కలు తీశాను. మలుపులో బయటి చక్రాల మీదికి మారే మొత్తం బరువుని స్వే బార్ పెద్దగా తగ్గించదు. అందులో ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అని పంచుతుందంతే. వెనక బార్ బిగిస్తే ఎక్కువ వాటా వెనక బయటి టైరు మీద పడుతుంది, లోపలి టైరు తేలికైపోతుంది. రెండూ కలిపి ఇచ్చే పట్టు తగ్గుతుంది. పొడి రోడ్డు మీద నాకు అంత బాగా నచ్చింది ఈ గుణమే. తడిలో తోక జారిందీ దీనివల్లే. ఒరుగుడు ఒక లోపమనుకుని తీసేశాను గానీ, నేను తీసేసింది హెచ్చరికని. ఆఫీసులో ఎవరైనా ఎర్రర్ మెసేజ్ రాకుండా చేసి బగ్ పోయిందంటే ఊరుకుంటానా?

బార్ చివర రెండు రంధ్రాలుంటాయి. మర్నాడు లింకుని కొసవైపు రంధ్రంలోకి మార్పించాను. చెయ్యి పొడవైతే బిగువు తగ్గుతుంది. ఆ శనివారం కూడా వానే. నాయనతో అదే దారిలో వెళ్ళాను, ఈసారి నెమ్మదిగా. మలుపులో బండి కొంచెం ఒరిగింది. నాయన తలుపు పిడి మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.