డయానా

తుపాకీ అంటే మనకి పోలీసులో, జాతరలో బుడగలు కొట్టే దుకాణమో గుర్తొస్తుంది. గడ్‌చాందూర్‌లో మా ఇంట్లో ఉన్నది వేరే రకం. పోటీల్లో గురి కోసం జర్మనీలో చేసిన పాత ఎయిర్ రైఫిల్, డయానా మోడల్ 75. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు కదా, ఆ 10 మీటర్ల ఆట కోసం చేసినదే.

తాత సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఊరు వదిలి పోతున్న ఒక ఇంజినీరు "పాడైంది, పాత సామాన్లో వేసెయ్" అని ఇచ్చాడట. తాత విప్పి చూశాడు. లోపల రెండు పిస్టన్లు. పేల్చగానే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి పోతాయి. ఒకదాని కుదుపుని ఇంకోటి ఆపేస్తుంది. అందుకే దాదాపు 5 కిలోల ఆ తుపాకీ భుజాన్ని తన్నదు. పాడైంది సీళ్ళు. ఏళ్ళు గడిస్తే అవి పొడిపొడిగా రాలిపోతాయి. తనే కొత్తవి చేసి వేశాడు. కట్టెకి మాత్రం వార్నిష్ వెయ్యలేదు. "దాని వయసు దానికుండనీ" అంటాడు.

ఇనుము మీద కంపెనీ ముద్ర ఉంటుంది: వేట దేవత డయానా విల్లు పారేసి, తుపాకీ పైకెత్తి నిలబడుతుంది. బొమ్మలో ఆడమనిషి. మా ఇంట్లో పేల్చేది తాత, బాపు, అన్నయ్య. మా ఆయి ఏటా ఖండే నవమికి దానికి కుంకుమ పెడుతుంది, తర్వాత తుడుస్తుంది. అంతే.

మొన్న దసరా సెలవుల్లో నాగపూర్ నుంచి పాత తుపాకులు సేకరించే ఒకాయన వచ్చాడు. చెంప ఆనించే చోట తాత చెమటకి నల్లబడ్డ కట్టెని వేలితో తడిమి, "దీన్ని గీకలేదు, మంచి పని చేశారు" అన్నాడు. ఆయన చెప్పిన ధర నా హాస్టల్ ఫీజుకి సరిపోతుంది. బాపు తాత వైపు చూశాడు. నాకు గొంతు పట్టేసింది.

"తాతా, పోయే ముందు నేనొక్కసారి కొడతా" అన్నా.

పెరట్లో 10 మీటర్లు కొలిచారు. అట్ట మీద పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే. తుపాకీ కదల్లేదు గానీ నా గుండె కొట్టుకున్నప్పుడల్లా గురి కదిలింది. మొదటి మూడు ఛర్రాలు నల్లటి వలయం బయటే పడ్డాయి. "ఊపిరి సగం వదిలి ఆగు" అన్నాడు తాత. నాలుగోది ఏడులో పడింది.

తాత ఆయనకి చాయ్ ఇప్పించి, "అమ్మం సాబ్. ఇంట్లో ఇంకొకళ్ళు నేర్చుకుంటున్నారు" అని చెప్పాడు. ఫీజు రెండు వాయిదాల్లో కడుతున్నాం. రెండోది ఇంకా బాకీ ఉంది, ఆ సంగతి నాకు రోజూ గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం తుపాకీ లోపల పెట్టబోతుంటే ఆయి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. మెల్లగా "మలా పణ్" అంది. అంటే, నాక్కూడా అని.

— ద్వితీయ సంవత్సరం, బి.ఏ.