పడవలో వెనక చోటు

2023 ఏప్రిల్‌లో నేను, మా ఇంటావిడ అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. వెళ్ళిన రెండో వారంలో వాడు భోజనం చేస్తూ, "నాన్నా, శనివారం లూయిస్‌విల్ జలాశయంలో చేపల పోటీ ఉంది. నా పడవలో కో-యాంగ్లర్‌గా వస్తారా?" అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో తెలియాలంటే మీకు హబ్సిగూడలోని మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అది కాసేపాగి చెప్తాను.

ముందు ఈ పోటీ సంగతి. అక్కడ బాస్ అనే చేప ఉంది. దాన్ని గాలంతో పట్టడం వాళ్ళకు మనకు క్రికెట్ ఎంతో అంత. అలబామా రాష్ట్రానికి చెందిన రే స్కాట్ అనే ఇన్సూరెన్స్ ఉద్యోగి 1967లో ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌లో పెద్ద పోటీ పెట్టాడు. ఈ పోటీలు దేశమంతా పాకడానికి అదే నాంది. పట్టిన చేపను చంపకుండా తూచి మళ్ళీ నీళ్ళలో వదలాలన్న పద్ధతిని 1972లో ఆయనే పోటీల్లోకి తెచ్చాడు. అందుకే పడవలోనే లైవ్ వెల్ అని ఒక తొట్టి ఉంటుంది. మోటారు అందులోకి గాలి, కొత్త నీరు పంపుతూ ఉంటుంది. తూకం వేళకు చేప చచ్చిపోతే బరువులో కోత పెడతారు. మా పోటీలో చేపకు 4 ఔన్సులు, అంటే 113 గ్రాములు.

ఒక్కో పడవలో ఇద్దరు ఉంటారు. పడవ గలవాడు ముందు నిలబడతాడు. ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో అతని ఇష్టం. వెనక నిలబడేవాడు కో-యాంగ్లర్. పడవ నడపడం అతని పని కాదు. ముందువాడు అప్పటికే గాలం వేసి వదిలిన నీళ్ళలోనే అతను వెతుక్కోవాలి. బోయజు పొలంలో కోతవాళ్ళ వెనక రూతు పరిగె ఏరుకున్నట్టు అనుకోండి. మా పోటీలో ముందువాడు ఐదు చేపలు తూయించుకోవచ్చు, వెనకవాడు మూడు. మామూలుగా ఎవరి వెనక ఎవరు ఎక్కాలో చీట్లు వేస్తారట. ఇది కొందరు చేపల సరదా ఉన్నవాళ్ళు కలిసి పెట్టుకున్న చిన్న పోటీ గనుక, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చే డెబ్బయ్యేళ్ళ ముసలివాడినని నన్ను కొడుకు పడవలోనే ఎక్కనిచ్చారు. ఒక్కరోజు లైసెన్సు తీసుకున్నాను. అక్కడ గాలం వేయడానికి కూడా ప్రభుత్వ అనుమతి కావాలి.

ఇప్పుడు హబ్సిగూడ సంగతి. 1993లో మావాడు పదో తరగతి. లెక్కల్లో మార్కులు బాగా తగ్గాయి. ట్యూషన్ పెట్టించాను. ఒక సాయంత్రం ట్యూషన్ మాస్టారు తార్నాకలో కనబడి, "మీవాడు పది రోజులుగా రావడం లేదండీ" అన్నారు. వాడు పుస్తకాల సంచితో నాచారం చెరువు గట్టుకు పోయి గాలం వేస్తున్నాడని తెలిసింది. ఇంటికొచ్చేసరికి వెదురు గెడ గోడకు ఆనించి ఉంది. కణుపుల దగ్గర చీలకుండా దారం చుట్టి, ఎంతో శ్రద్ధగా చేసుకున్నాడు. నేను దాన్ని మోకాలికి ఆనించి విరిచాను. మూడు ముక్కలు చేశాను. పెరట్లో కట్టెల బాయిలర్ ఉండేది, అందులో వేశాను. ఆ వేడినీళ్ళతోనే స్నానం చేసి ప్రార్థనకు కూర్చున్నాను. వాడు ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. లోపలికి వెళ్ళి లెక్కల పుస్తకం తెరిచాడు.

నల్గొండ జిల్లాలో మా ఊరి చెరువులో చిన్నప్పుడు నేనూ గాలం వేసినవాడినే. వానపామును కొక్కేనికి గుచ్చి, జీలుగు బెండు మునుగుతుందా లేదా అని కళ్ళార్పకుండా చూసినవాడినే. ఆ ఊరి పేదరికం నుంచి కష్టపడి చదువుకుని హబ్సిగూడ చేరాను. నా కొడుకు మళ్ళీ చెరువు గట్టుకే పోతున్నాడన్న భయం నన్ను అలా చేయించింది. ఇది సమర్థన కాదు.

శనివారం తెల్లవారకముందే పడవ నీళ్ళలోకి దిగింది. లైఫ్ జాకెట్ తొడిగి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. హైవే మీద జీపు పోయినంత వేగంగా పడవ దూసుకుపోయింది. నేను కళ్ళు మూసుకుని సీటు పట్టుకున్నాను. పేతురు, యోహానులు ఈ వేగం చూస్తే ఏమనుకునేవారో!

ఒక లోతు తక్కువ మూలలో ఆగాం. అక్కడ నీళ్ళలో ఇసుక ఊడ్చినట్టు ఒక గుండ్రని చోటు, దానిమీద కదలకుండా ఒక చేప కనబడ్డాయి. మగ బాస్ అట. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతే ఇదే కాపలా కాస్తుందట. నాకు మా కొర్రమీను గుర్తొచ్చింది. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతాయి. పిల్లలతో ఉన్న కొర్రమీను జోలికి మా తాత మమ్మల్ని పోనిచ్చేవాడు కాదు. ఈ మాట చెప్తే మావాడు నవ్వి, "ఇక్కడ కొర్రమీను పేరెత్తకండి నాన్నా" అన్నాడు. తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన ఆ జాతినంతా అమెరికా 2002లోనే హానికరమైనవాటి జాబితాలో పెట్టి, ప్రాణంతో దేశంలోకి తేవడాన్ని నిషేధించిందట. అక్కడి చేపలను తినేస్తుందని భయం. మన ముద్దుబిడ్డ వాళ్ళకు దొంగ! ఆ గూటిమీది బాస్‌ను మావాడు వదిలేసి పడవ ముందుకు తీశాడు.

పది గంటలకు నా రబ్బరు వానపామును ఏదో లాగింది. నా చెయ్యి పాత పద్ధతిలో ఒక్కసారి పైకి లేచింది. నోరు మూసి, తోక దగ్గరికి నొక్కి కొలిస్తే 14 అంగుళాలకు పైన ఒక వెంట్రుకవాసి. 14కు తగ్గితే వదిలేయాల్సిందే. మా అబ్బాయి నా భుజం తట్టాడు. పిల్లవాడిలా సంతోషపడ్డాను.

మధ్యాహ్నానికి వాడి తొట్టిలో నాలుగు చేపలున్నాయి. ఐదోది తగిలింది. నీళ్ళలోంచి పైకి ఎగిరి తల విదిల్చినప్పుడు చూశాను, మూడు కిలోలకు తగ్గదు. "నాన్నా, వల!" అన్నాడు. పిడి ఉన్న చేతివల పట్టడం వెనకవాడి పని. చేపను తలవైపు నుంచి రానిచ్చి వల దాని కిందికి పోనివ్వాలని పొద్దున్నే చెప్పాడు. నేను ఆత్రంగా తోకవైపు నుంచి వల విసిరాను. వాడి ఎరకు రెండు మూడుకొనల కొక్కేలు ఉన్నాయి. ఒకటి చేప నోట్లో ఉంటే, ఖాళీగా ఉన్నది వల బయటి దారానికి తగులుకుంది. చేప ఒక్క గుంజు గుంజి, నోట్లోది ఊడదీసుకుని వెళ్ళిపోయింది. వల, ఎర, నేను మిగిలాం.

వాడు ఏమీ అనలేదు. కొక్కెం వల నుంచి నెమ్మదిగా విడదీసుకుని, మళ్ళీ ముందుకు పోయి నిలబడ్డాడు. హబ్సిగూడ ఇంట్లో లెక్కల పుస్తకం తెరిచినప్పుడు చూసిన వీపు అదే. ఆ తర్వాత మూడు గంటలు నేను గాలం వేశానో లేదో నాకు గుర్తు లేదు.

తూకంలో వాడికి నాలుగో స్థానం వచ్చింది. ఆ ఒక్క చేప ఉంటే మొదటిది. చేపలన్నీ ప్రాణంతోనే ఉన్నాయి, నీళ్ళలో వదిలేశారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేనే నోరు తెరిచాను. "నీ గెడ విరిచాను ఆ రోజు. తప్పు చేశాను నాయనా. ఈరోజు చేప కూడా పోగొట్టాను" అన్నాను. వాడు చాలాసేపు రోడ్డు వైపే చూస్తూ, "దానికి కట్టిన గాలం మీదే నాన్నా. ఊరి నుంచి తెచ్చుకున్న మీ రేకు పెట్టెలోంచి తీశాను. ఆదివారం గుడి అయ్యాక మిమ్మల్ని కూడా చెరువుకు రమ్మని అడగాలనుకున్నాను" అన్నాడు.

ముప్పై ఏళ్ళు. నాకు తెలియనే తెలియదు.

ఇంట్లో మా ఇంటావిడ చింతపండు నానబెట్టి, మసాలా నూరి సిద్ధంగా ఉంది. "చేపలేవీ?" అంది. వదిలేశామంటే మమ్మల్ని ఇద్దరినీ ఎగాదిగా చూసింది. పప్పుచారుతో తిన్నాం. తిన్నాక మావాడు నీళ్ళ సీసాకు తాడు కట్టి పెరటి గడ్డిలో పడేసి, చేతివల నాకిచ్చాడు. తాడు లాగుతూ, "తలవైపు నుంచి నాన్నా, తొందరపడకండి" అన్నాడు. చీకటి పడేదాకా ఆ సీసాను పట్టాను.